దుప్పి వెనక ఏముందో చూశారా?

యాభై ఏళ్ళు దాటిన ప్రతి మనిషినీ చట్టం పెట్టి మరీ పన్నెండేళ్ళ పిల్లల మధ్య కూర్చోబెట్టాలి. చేతికి ఉత్తుత్తి తుపాకీ ఇచ్చి, వేట పాఠాలు చెప్పి, పరీక్ష రాయించాలి. తప్పినవాళ్ళకి ఓటు హక్కు తీసేయాలి!

నవ్వకండి. నేను కూర్చున్నాను, రాశాను, పాసయ్యాను. ఇంతటి వరాన్ని మన పెద్దవాళ్ళు ఇన్నాళ్ళూ పిల్లలకే వదిలేశారే అని కుమిలిపోతున్నాను.

మా ఉత్తర విస్కాన్సిన్‌లో నవంబరు వచ్చిందంటే పెళ్ళిళ్ళు ఉండవు. చచ్చిపోదామనుకున్నవాళ్ళు కూడా మర్యాదగా డిసెంబరు దాకా ఆగుతారు. దుప్పుల వేట సీజన్ మరి! మా ఆయన ఆర్విడ్, వాళ్ళన్న డ్వైన్ తొమ్మిది రోజులు అడవిలో క్యాంపుకి పోతారు. వాళ్ళ నాన్న కట్టిన చెక్క గది అది. నా పెళ్ళినాటి నుంచీ నేను గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపడమే తప్ప, దాని లోపల ఎలా ఉంటుందో ఎరగను.

కిందటేడు సెప్టెంబరులో ఆర్విడ్ వరండాలో తుపాకీ తుడుచుకుంటూ, నావైపు చూడకుండా అన్నాడు.

"క్యాంపులో ఒక పడక ఖాళీగా ఉంది."

మామగారు పోయి రెండు చలికాలాలైంది. పినమామగారి కొడుకు మెర్ల్ మోకాళ్ళ నొప్పులని ఆరిజోనా ఎండలోకి మకాం మార్చాడు. ఒకప్పుడు ఆరుగురు గురకపెట్టిన గదిలో ఇప్పుడు ఇద్దరే మిగిలారు.

"ఎలకలు పడుకుంటున్నాయి దాని మీద" అన్నాడు మళ్ళీ.

మా అత్తింటివాళ్ళది నార్వే రక్తం. ఇంతకంటే మెత్తగా అడగడం వాళ్ళ వంశంలో లేదు. నన్ను పెళ్ళి చేసుకోమని అడిగినప్పుడు కూడా, తన పికప్ ట్రక్కులో పక్క సీటు ఖాళీగా ఉందనే అన్నాడు.

సరేనన్నాను. అక్కడ చట్టం అడ్డొచ్చింది. వేటగాళ్ళ కోర్సు చెయ్యనిదే తుపాకీ పట్టి అడవిలో అడుగు పెట్టకూడదు. అయితే ఫలానా తేదీకి ముందు పుట్టినవాళ్ళకి మినహాయింపు ఉంది. ఆర్విడ్ దానికి రెండేళ్ళ ముందు పుట్టాడు, నేను ఏడాది తర్వాత పుట్టాను. అంటే చట్టం దృష్టిలో ఆయన పుట్టుకతోనే జ్ఞాని, నేను పుట్టుకతోనే ప్రమాదం!

పోనీలెండి, చట్టాన్ని తిట్టను. దాని పుణ్యమే కదా నాకీ చదువు.

క్లాసు అగ్నిమాపక కేంద్రం హాల్లో. పాఠం చెప్పే జెలిన్స్కీ గారు హైస్కూల్లో బ్యాండు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. చేతిలో ఇంకా బ్యాండు పుల్ల ఉంటుంది. ఆయన పుల్ల ఊపితే మేమంతా ఒక్క గొంతుతో పాడాలి. "ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే లెక్క! గొట్టం ఎప్పుడూ మనుషుల వైపు కాదు! గురి ఏమిటో చూడు, గురి వెనక ఏముందో చూడు! కాల్చేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు!" మిగిలిన పిల్లల గొంతులు ఇంకా ముదరలేదు. మధ్యలో నా గొంతు ఒక్కటి ట్రాంబోన్ బాకాలా మోగేది.

నా పక్కన బ్రిన్ అని పళ్ళకి తీగలు కట్టించుకున్న పిల్ల కూర్చునేది. నన్ను బాగుచెయ్యడం తన బాధ్యత అనుకుంది.

"మిసెస్ క్విస్టాడ్, మీ వేలు!"

"ఏ వేలమ్మా?"

"ట్రిగ్గర్ మీదున్న వేలు. తీయండి. మీరిప్పుడు జెలిన్స్కీ గారి బూటు కాల్చేశారు."

ఇలాంటి సేవ మీకు ఇంకెక్కడైనా దొరుకుతుందా? యాభై ఏళ్ళు దాటాక మీ తప్పు మీ మొహం మీద చెప్పేవాళ్ళు ఎవరున్నారు? ఆఫీసులో భయపడతారు, బంధువులు మీరు వెళ్ళాక చెప్పుకుంటారు. బ్రిన్ అప్పటికప్పుడు, చిప్స్ నములుతూ చెప్పేది!

తర్వాత తెర మీద బొమ్మలు వేశారు. దుప్పి కనబడుతుంది, కాల్చాలో వద్దో చెప్పాలి. నేను ప్రతిసారీ ఉత్సాహంగా "కాల్చు!" అని అరిచాను. బొమ్మలన్నీ అయ్యాక బ్రిన్ నా భుజం మీద చెయ్యి వేసింది.

"బాధపడకండి మిసెస్ క్విస్టాడ్. మీరిప్పటిదాకా ఒక ఆవుని, ఒక రైతుని, ఒక స్కూల్ బస్సునీ చంపారు. అంతే."

"బస్సా? ఎక్కడుంది బస్సు?"

"దుప్పి వెనక. అందరూ దుప్పినే చూస్తారు."

ఆ రోజు నుంచి నా బతుకే మారిపోయింది. జుట్టు ఆరబెట్టుకునే మిషన్ పట్టుకున్నా గొట్టం గోడవైపు తిప్పుతున్నాను. తోటకి నీళ్ళు పట్టే ముందు పైపు వెనకా ముందూ చూస్తున్నాను. చర్చిలో బల్లల మధ్య తాడు కట్టుంటే, జెలిన్స్కీ గారు నేర్పిన కంచె దాటే పద్ధతిలో ముందు హ్యాండ్‌బ్యాగు ఖాళీ చేసి, దాన్ని కిందనుంచి అవతలికి జరిపి, ఆ తర్వాత నేను దాటాను. ఫాదర్ ప్రసంగం ఆపి మరీ చూశారు. చూడనివ్వండి! మా ఆయన మేజోడు విప్పి బుట్టలోకి గిరాటేసినా, "గురి వెనక ఏముందో చూశావా?" అని అడుగుతున్నాను. బుట్ట వెనక పిల్లి ఉంది. చూడలేదు!

పాసయ్యాను. బ్రిన్‌కి నాకంటే రెండు మార్కులు ఎక్కువొచ్చాయి. "మీ వయసుకి చాలా బాగా రాశారు" అని మెచ్చుకుంది.

నవంబరులో క్యాంపుకి వెళ్ళాం. ఎలకలు నాకు పడక ఇచ్చి పొయ్యి కిందకి సర్దుకున్నాయి. నేను దిగీ దిగగానే డ్వైన్ తుపాకీ పికప్‌కి ఆనించి ఉండటం చూశాను.

"డ్వైన్, అందులో తూటాలున్నాయా?"

"ఏమో. ఉన్నాయేమో."

"ఏమో ఏమిటి! తీసి చూడు. గొట్టం గది కిటికీ వైపుంది."

డ్వైన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరేయ్ ఆర్విడ్! నీ పెళ్ళాన్ని తెస్తానని పంతులమ్మని తెచ్చావేంట్రా! ఇక బ్రాందీ తాగాలన్నా చెయ్యెత్తి అడగాలి కాబోలు."

"అడుగు. మొదటి గ్లాసుకి అనుమతి ఇస్తాను" అన్నాను.

ఆర్విడ్ మాత్రం నవ్వలేదు. వెళ్ళి ఆ తుపాకీ విప్పాడు. మూడు తూటాలు రాలాయి. ముగ్గురం వాటిని చూశాం. తర్వాత సాసేజీలు కాల్చుకుని తిని, పేకాడి, పడుకున్నాం.

తెల్లవారుతుండగా నేనూ ఆర్విడ్ మంచె ఎక్కాం. క్యాంపుకి కూతవేటు దూరమే, మామగారి కాలం నాటి మంచె. తుపాకీ నా చేతిలో ఉంది. మంచె మీంచి పడకుండా నడుముకి తాళ్ళ పట్టీ బిగించుకున్నాను. ఆర్విడ్‌కి కూడా బిగించాను. "కట్టేసిన దూడలా ఉన్నాను" అని గొణిగాడు గాని విప్పలేదు. మంచు మీద వెలుగు పడింది. నోటి ఆవిరి తప్ప ఏమీ కదలడం లేదు. నా మొగుడు ప్రతి ఏడూ నన్నొదిలి ఎందుకొస్తాడో ఆ పూట నాకు తెలిసింది. చెప్పానా? చెప్పలేదు. నేనూ ఆ ఇంటిదాన్నే కదా.

అప్పుడొచ్చింది దుప్పి.

ఏం దుప్పండీ అది! కొమ్ములు చూస్తే నెత్తిన ఆపిల్ చెట్టు మోసుకొచ్చినట్టుంది. వచ్చి, మాకు అడ్డంగా, నున్నటి పక్క చూపిస్తూ, దేవదారు గుబురు ముందు నిలబడింది. ఆర్విడ్ ఊపిరి ఆగిపోయింది.

"కాల్చు" అన్నాడు చెవిలో.

తుపాకీ ఎత్తాను. గురి కుదిరింది. వేలు ఇంకా బయటే ఉంది.

"దాని వెనక ఏముంది?" అన్నాను.

"చెట్లు."

"చెట్ల వెనక?"

"అడవి ఉంటుంది, ఇంకేముంటుంది! లోర్నా, ఇరవై ఏళ్ళలో ఇలాంటిది చూడలేదే, కాల్చు!"

"చూసి చెప్పు, ఆర్విడ్."

"నీకు దణ్ణం పెడతాను, కాల్చవే తల్లీ!"

అంతలో ఆ దేవదారు గుబురు కూనిరాగం తీసింది.

నిజం! చెట్లు పోల్కా పాట పాడాయి. దుప్పి చెవులు రిక్కించింది. నేను తుపాకీ దించాను. తలుపు కిర్రుమంది, దుప్పి ఒక్క గెంతులో మాయమైంది, కొమ్మల మధ్య నుంచి డ్వైన్ ప్యాంటు పైకి లాక్కుంటూ బయటికొచ్చాడు. పాత గొయ్యి నిండిపోయిందని అక్టోబరులో అన్నదమ్ములిద్దరూ కలిసి మరుగుదొడ్డిని మోసుకొచ్చి ఆ చెట్ల వెనక పెట్టారు. రాత్రి చీకట్లో వెళ్ళిన నాకు అది మంచెకి ఎటుందో తెలియదు గాని, ఆర్విడ్ ఒక పక్క పట్టుకుని మరీ మోశాడు! ఆ కొమ్ములు కనబడగానే అన్నయ్యా గుర్తులేడు, మరుగుదొడ్డీ గుర్తులేదు.

డ్వైన్ తలెత్తి మంచె వైపు చూశాడు. మా మొహాలు చూశాడు. మంచు మీద దుప్పి అడుగులు చూశాడు. తను కూర్చున్న మరుగుదొడ్డి చూశాడు. నెమ్మదిగా ఒక మొద్దు మీద కూలబడ్డాడు.

కిందికి దిగాక ఆర్విడ్ వెళ్ళి అన్న పక్కన కూర్చున్నాడు.

"నా చేతిలో ఉంటే కాల్చేసేవాణ్ణి, లోర్నా" అన్నాడు.

డ్వైన్ ప్యాంటు బెల్టు బిగించుకున్నాడు.

"కొమ్ములు ఎంతున్నాయి?"

"చాలా పెద్దవి" అన్నాను.

"అయ్యో పాపం" అన్నాడు. ఎవరి గురించో చెప్పలేదు. ఆ తర్వాత, "ఆ కోర్సు మళ్ళీ ఎప్పుడు?" అని అడిగాడు.

చట్టం మినహాయించిన ఇద్దరు మహాజ్ఞానులు ఈ వసంతంలో అగ్నిమాపక కేంద్రం హాల్లో, మోకాళ్ళు గడ్డానికి తగిలే కుర్చీల్లో కూర్చున్నారు. జెలిన్స్కీ గారు పుల్ల ఊపితే పాడారు. డ్వైన్ చెయ్యెత్తి బాత్‌రూముకి వెళ్ళొచ్చా అని అడిగితే క్లాసు క్లాసంతా పొర్లి పొర్లి నవ్వింది. కథ అప్పటికే ఊరంతా తిరిగింది మరి! ఒక పిల్లవాడు "వెళ్ళే ముందు పాట మొదలుపెట్టండి సార్" అని సలహా కూడా ఇచ్చాడు. ఇద్దరూ పాసయ్యారు. ఇప్పుడు ఆ క్యాంపులో తుపాకులు పసిపిల్లల్లా విడివిడిగా పడుకుంటాయి. మంచె ఇంకో దిక్కుకి తిరిగింది.

ఒక్క కోర్సు! ఒక ప్రాణం నిలిచింది, ఇద్దరు మగవాళ్ళకి బుద్ధొచ్చింది, భార్యాభర్తలు ఒకే మంచె మీద కూర్చున్నారు. ఇంకేం కావాలి?

ఇదే మాట ఆగస్టులో కిరాణా దుకాణంలో, చీజ్ అరల ముందు, డ్వైన్ భార్య బెర్నడీన్‌తో చెప్పాను. ఆవిడ నా బండికి తన బండి అడ్డం పెట్టింది.

"నీకు నేనేం ద్రోహం చేశాను లోర్నా?"

"ఏమైంది?"

"ఏమైందా! మా ఆయన నన్ను కూడా ఆ కోర్సులో చేరమంటున్నాడు. క్యాంపుకి రమ్మంటున్నాడు. నాకోసం పడక మీదకి కొత్త పరుపు కొన్నాడు!"

"ప్రేమే కదా!"

"ప్రేమా నీ మొహమా!" గొంతు తగ్గించి అటూ ఇటూ చూసింది. "ముప్ఫై ఏళ్ళ నుంచీ ఏడాదికి తొమ్మిది రోజులు ఆ ఇల్లు నాది. పాప్‌కార్న్ తిని పడుకుంటాను. టీవీ రిమోట్ నా ఒళ్ళో ఉంటుంది. మంచానికి అడ్డంగా పడుకుంటాను. గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటూ సాగనంపుతాను చూడు, ఆ ఏడుపు ఎంత సాధన చేస్తే వచ్చిందో తెలుసా?"

నేను చేతిలోని చీజ్ ముక్క తిరిగి అరలో పెట్టేశాను. నాకు తెలియదా అమ్మలారా! పికప్ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, తిరగగానే వంటింట్లో మేజోళ్ళతో జారుతూ డాన్సు చేసినదాన్ని నేను కాదా? ఆ తొమ్మిది రోజుల ఇల్లు నాకు మాత్రం మిగిలిందా? ఆయన ఎలకలు అన్నాడు, నేను కరిగిపోయాను!

"పరీక్ష తప్పడం ఎలాగో చెప్పు" అంది బెర్నడీన్.

సులువే అన్నాను. కనబడిందల్లా కాల్చెయ్యి, ఆవునీ రైతునీ బస్సునీ వదలకు అన్నాను. ఆవిడ అక్షరాలా పాటించింది. ఆ హాల్లో అంత ఘనంగా ఎవరూ తప్పలేదని జెలిన్స్కీ గారు పుల్ల పక్కన పెట్టి మరీ చెప్పారు. ఆవిడ నాకు ఫోన్ చేసి ఆనందంతో కేకలు పెట్టింది.

మొన్న మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి కేకలు లేవు. వచ్చే శనివారమే సీజన్.

"డ్వైన్ చాలా మంచివాడే లోర్నా" అంది నీరసంగా. "నన్ను దగ్గరికి తీసుకుని, దిగులు పడొద్దన్నాడు. నేను పాసయ్యేదాకా తనూ క్యాంపుకి వెళ్ళడట. తొమ్మిది రోజులూ ఇంట్లోనే ఉండి నాకు పాఠాలు చెప్తాడట."

కాబట్టి సోదరీమణులారా, నా మాట వినండి. ఆ కోర్సులో చేరకండి. ఖర్మకాలి చేరారా, చచ్చినట్టు పాసవండి!