వెనక సీటుకి వినపడని చరిత్ర

రాధాకృష్ణమూర్తికి పెళ్ళిరోజు ఏటా గుర్తుచేయాలి. టాప్ తెరుచుకునే జపాను కారు మియాటా చరిత్ర మాత్రం స్టీరింగ్ పట్టుకుంటే చాలు, అడక్కుండానే సంకల్పంలా చదివేస్తాడు. ఎనభై తొమ్మిదిలో మొదటి రకం, దీపాలు కప్పకళ్ళలా పైకి లేచేవి. తొంభై ఎనిమిదిలో రెండోది, ఆ కళ్ళు పోయాయి. మూడోదానికి మడతపడే గట్టి కప్పు కూడా పెట్టారు. నాలుగోది ఒళ్ళు తగ్గించుకుని వచ్చింది. అన్నిటికీ సీట్లు రెండే.

ఫరీదాబాద్‌లో అతనికున్నది మాత్రం బుల్లి కారు. మోకాళ్ళ నొప్పుల వల్ల ముందు సీటు అమ్మ జానకమ్మది. భార్య కిరణ్మయి ఇరవై రెండేళ్ళుగా వెనక, కూరగాయల సంచుల మధ్య. రెండే సీట్ల బండిలో ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి తిరగాలని అతని ప్రాణం కొట్టుకునేది.

ఆఫీసు స్నేహితుడు రఘురామ్‌కి ఢిల్లీ సాకేత్‌లో ఉండే బావమరిది ఒకడు ఎర్ర మియాటా తెప్పించుకున్నాడు. ఆదివారం ఒక్క గంటకి తెమ్మని రఘురామ్‌ని బతిమాలాడు మూర్తి. అమ్మతో "రెండే సీట్లమ్మా, నేనేం చేయను?" అనేస్తే సరి, పాపం జపానువాళ్ళది.

ఆదివారం రఘురామ్ బండి తెస్తే, తాళం అందుకుని తిరిగి చూసేసరికి, జానకమ్మ మంకీ క్యాప్‌తో సహా పక్క సీట్లో ఉంది.

"అమ్మా! ఇందులో ఇద్దరికే చోటు!"

"ఇద్దరమేగా నాయనా. నేనూ, కోడలూ."

"మరి నడిపేదెవరు?"

"తాళం ఇలా ఇవ్వండి," అంది కిరణ్మయి. "లైసెన్సు వచ్చి మూణ్ణెల్లయింది."

"నాకు చెప్పలేదే!"

"చెప్పాను, వెనక సీట్లోంచి."

"అది డ్రైవింగ్ నేర్చుకున్నన్నాళ్ళూ నేనే తోడెళ్ళాన్రా, వెనక కూర్చుని," అంది జానకమ్మ. "ఎంత ఇరుకో! ఇన్నేళ్ళూ ఈ పిల్లని అక్కడ కుక్కామా?"

మూర్తికి సిగ్గేసింది. తాళం ఇచ్చేశాడు. ఎర్రబండి సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

"ఠీక్ హై గురూ, బండి ఫొటో పంపిస్తాలే," అన్నాడు రఘురామ్.

గంటంబావుకి వాళ్ళు వచ్చారు, రఘురామ్ బండి పట్టుకుపోయాడు. మూర్తికి దక్కింది తలుపు వేయడం ఒక్కటే.

సాయంత్రం బజారుకి బయల్దేరితే జానకమ్మ తిన్నగా వెనక్కి ఎక్కింది. కిరణ్మయి స్టీరింగ్ ముందు కూర్చుంది. మూర్తి సంచులతో ఆవిడ పక్కన చేరాడు.

"ఇప్పుడు చెప్పండి, మొదటిదాని దీపాలు ఎలా లేచేవి?"

"వెయ్యిసార్లు చెప్పాగా!"

"వెనక్కి ఒక్క ముక్కా వినపడేది కాదండీ."

మూర్తి ఒళ్ళో సంచులు సర్దుకుని, ఆవిడవైపు తిరిగి మెల్లగా మొదలెట్టాడు. "ఎనభై తొమ్మిదిలో..."

"నిజమేనే కోడలా," అంది జానకమ్మ వెనక నుంచి. "ఇక్కడికేం వినపడటం లేదు. ప్రాణం హాయిగా ఉంది!"