జీనువాయి పిట్టలకు నివాస ధ్రువపత్రం

ప్రతి ప్రాణికీ భూమ్మీద ఒక చోటు ఉండాలని దేవుడు నిర్ణయించాడు. ఆ చోటు నిజంగా దానిదేనా అని తేల్చే పనిని మాత్రం పురపాలక కార్యాలయం మూడో నంబరు గదికి వదిలేశాడు.

తాఖీదు అందేదాకా దర్జీకి ఈ సంగతి తెలియదు. అతని పెరట్లో నడుమెత్తు గడ్డి పెరిగింది. మోకాలు దాటిన గడ్డిని పదిహేను రోజుల్లో కోయకపోతే కార్యాలయమే కోయిస్తుందని తాఖీదు. కోయడానికి దర్జీకి బద్ధకమేమీ లేదు. కానీ ఆ గడ్డిలో ఒక జీనువాయి జంట దిగింది. గుప్పెట్లో ఇమిడిపోయే పిట్టలు, గోధుమరంగు వీపు, పొట్ట మీద చేప పొలుసుల్లాంటి గళ్లు. అంత సన్నని పనితనం తన చేతికి ముప్పయ్యేళ్లలో రాలేదని అతను మిషను ఆపి మరీ చూసేవాడు. అవి గడ్డిగింజలే తింటాయి, గడ్డిపరకలతోనే గూడు అల్లుతాయి. గడ్డి పోతే తిండీ ఇల్లూ ఒకేసారి పోతాయి.

తాఖీదు వెనక చిన్న అక్షరాల్లో ఒక మినహాయింపు ఉంది. అడవి పిట్టల సహజ ఆవాసమైతే గడ్డి కోయరు. సహజ ఆవాసమంటే పదేళ్లుగా మనిషి చేయి తగలని చోటు. (ఆ నిబంధన కూడా మనిషి చేత్తోనే రాసింది.)

దర్జీ దరఖాస్తు పట్టుకెళ్లాడు. మూడో గది గుమాస్తా చదివి కళ్లజోడు సర్దుకున్నాడు.

"పెరట్లో మీరేమైనా చేస్తుంటారా?"

"ఏం లేదండి. పొద్దున్నే చిప్పలో నీళ్లు పెడతాను."

"చేత్తోనే?"

"చేత్తోనేనండి."

"అది చెప్పకుండా ఉండాల్సింది."

"మీరే అడిగారు కదండీ. పైనుంచి దేవుడు చూస్తుంటే ఎలా దాస్తాను?"

"ఆయన ఎంతసేపైనా చూడొచ్చండీ, నిబంధన అడ్డు రాదు. చేయి తగిలితేనే ఇబ్బంది."

గుమాస్తా 'పరిశీలనలో ఉంచవలెను' అని రాసి, కుర్చీలోంచి లేవకుండానే దరఖాస్తును విసిరాడు. అది గదంతా దాటి, కిటికీ పక్కనున్న పెండింగు అరలో పై దొంతర మీద మెత్తగా వాలింది. దుమ్ము కాస్త లేచి మళ్లీ సర్దుకుంది. (అర దాకా నడిచి వెళ్లే అలవాటు పాత గుమాస్తా పదవీ విరమణతోనే పోయింది.)

"నిజం చెప్పేసి వచ్చారా?" అంది దర్జీ భార్య. "ఇంకేం, మూటాముల్లె సర్దుకోమని పిట్టలకి కూడా చెప్పేయండి."

పదహారో రోజు కోత యంత్రం వచ్చింది. దర్జీ అడ్డం నిలబడ్డాడు.

"నా దరఖాస్తు ఇంకా పెండింగులో ఉందయ్యా."

"గడ్డి పెండింగులో లేదుగా బాబాయ్, పెరుగుతూనే ఉంది," అన్నాడు మేస్త్రీ.

అరగంటలో పెరడు నున్నగా అయింది. సగం అల్లిన గూడు గడ్డితోపాటే నేల మీద పడింది. ఆ సాయంత్రం దర్జీ ప్రార్థనలో ఒక ప్రశ్న కలిపాడు. గూడు అల్లే తెలివి ఇచ్చినవాడివి, దరఖాస్తు రాసే తెలివి కూడా ఇస్తే ఏం పోయేది స్వామీ?

మర్నాడు చూస్తే, పిట్టలు కోసిన పరకల్ని ఒక్కొక్కటే ముక్కున పట్టుకుని వీధి దాటుతున్నాయి. దర్జీ మెడలో టేపు తీయకుండానే వెంట నడిచాడు. అవి కార్యాలయం వెనక్కి వెళ్లి, మూడో గది కిటికీలో పగిలిన అద్దం సందులోంచి దూరాయి.

వారం తిరిగేసరికి పెండింగు అరలో బంతిలాంటి గూడు వెలిసింది. పై అధికారి నిచ్చెన వేయించుకుని స్వయంగా పరిశీలించారు. దుమ్ము అంగుళమున్నర. అడుగు దొంతర పద్నాలుగేళ్ల నాటిది.

"ఇక్కడెవరైనా చేయి పెట్టారా?"

"దేవుడి సాక్షిగా లేదండి," అన్నాడు గుమాస్తా.

"మరి కొత్త కాగితాలు?"

"విసురుతానండి."

ఊరు మొత్తమ్మీద నిబంధనకు అక్షరాలా సరిపోయిన చోటు అదొక్కటే. ధ్రువపత్రం ఆ పూటే సిద్ధమైంది. దర్జీకి కూడా జవాబు వచ్చింది: 'తమరి దరఖాస్తు సహజ ఆవాసంలో, సరిగ్గా గూటి కింద ఉన్నందున దానిని తెరుచుట వీలుపడదు.'

"అంటే ఒప్పుకున్నట్టా, కానట్టా?" అంది భార్య.

"ఐదు గుడ్లు పెట్టాయటే," అన్నాడు దర్జీ, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఆ అరలోని ఏ కాగితాన్నీ ఎవరూ ఏ కారణం చేతా కదపరాదని ఉత్తర్వు జారీ అయింది. అది అమల్లోకి వచ్చి నెల దాటింది. తేడా ఉన్నట్టు ఊళ్లో ఇంతవరకూ ఎవరూ గమనించలేదు.