నువ్వు గింజ నానిన రోజు

ఆ ఉదయం ఫొటోగ్రాఫరు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం సముద్రపు ఒడ్డుకు వెళ్ళాలి. బోర్లించిన పడవ వెనక దాక్కోవాలి. పళ్ళ డాక్టరు మోకాలి మీద కూర్చుని లెక్కల టీచరును పెళ్ళికి అడుగుతుంటే, ఆమెకు తెలియకుండా ఫొటో తీసి ఇంటికి రావాలి. ఇందుకు కావలసినవి రెండే. ఒకటి దూరం నుంచి తీసే పెద్ద లెన్సు. రెండోది నోరు మూసుకోవడం.

రెండోదే కష్టం. అతని నోట్లో నువ్వు గింజ నానదని, స్టూడియోలో సగం పని చూసుకునే భార్య ఏనాడో తేల్చేసింది. అందులో అబద్ధం కూడా లేదు. ఎవరికో చెప్పకుండా పుట్టినరోజు జరపాలని ఇంట్లోవాళ్ళు ఫొటోలకు పిలిస్తే, ఆ పుట్టినరోజు మనిషికే బజారులో ఎదురుపడి, "సాయంత్రం మంచి చొక్కా వేసుకోండి సార్" అని చెప్పి వచ్చిన ఘనుడతను. అందుకే ఈసారి భార్యకు కూడా చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

డాక్టరు కూడా మరీ మరీ బతిమాలాడు. "ఇంకోసారి అడిగే ధైర్యం నాకు లేదు సార్. రెండేళ్ళుగా అడుగుదామనుకోవడం, నోరు రాక పళ్ళు శుభ్రం చేసి పంపించేయడం, ఇదే సరిపోతోంది. మీరు పెళ్ళిళ్ళలో అంటుంటారే, 'మళ్ళీ ఒకసారి' అని, అది మాత్రం అనకండి."

తీరా పెట్టె తెరిస్తే పెద్ద లెన్సు లేదు.

"ఏమోయ్, పెద్ద లెన్సు ఏదీ?"

"రిపేరుకిచ్చా," అంది భార్య, అద్దం మీంచి చూపు తిప్పకుండా. "స్కూల్లో ఐడీ కార్డులన్నారుగా. వాటికి పెద్ద లెన్సెందుకు?"

"అవునవును. ఐడీ కార్డులే. ఊరికే అడిగాను."

"నేను మా పిన్ని వాళ్ళింటికెళ్ళొస్తా. మీ వానకోటు తీసుకెళ్తున్నా."

బయట ఎండ మండిపోతోంది. వానకోటు ఎందుకని అడగబోయి ఊరుకున్నాడు. తనొక ప్రశ్న వేస్తే ఆమె పది వేస్తుంది.

చిన్న లెన్సుతో దూరం నుంచి తీస్తే డాక్టరు ఒక చీమ, టీచరు ఇంకో చీమ. కాబట్టి సాయంత్రం అతను ముఖానికి తువ్వాలు చుట్టుకుని, పడవ చాటు నుంచి ఇసుకలో పాకడం మొదలుపెట్టాడు. డాక్టరు కళ్ళజోడు తీస్తే అడగబోతున్నట్టు గుర్తు. కానీ సముద్రపు తుంపరకు అద్దాలు మసకబారి, ఆ మహానుభావుడు నిమిషానికోసారి తీసి తుడుచుకుంటున్నాడు. తీసినప్పుడల్లా ఇతను గబగబా పాకి ఫొటోలు కొట్టాడు. కెమెరా నిండా కళ్ళజోడు తుడిచే డాక్టర్లే. కాలర్లో ఇసుక, చెవిలో ఇసుక.

అప్పుడు అవతలి రాళ్ళ మధ్య ఏదో మెరిసింది. చూస్తే ఎవరో వానకోటు టోపీని ముక్కు దాకా లాక్కుని, బారెడు లెన్సును తను ఫొటో తీయాల్సిన జంట మీదికే గురిపెట్టి కూర్చున్నారు. ఆ వానకోటును ఎక్కడో చూసినట్టే ఉంది గానీ, కోపం వచ్చిన మనిషికి జ్ఞాపకశక్తి పనిచేయదు.

"పక్క స్టూడియోవాడు!" అని పళ్ళు కొరికి, పొమ్మని చెయ్యి ఊపాడు. వానకోటు కూడా, నువ్వే పొమ్మన్నట్టు, చెయ్యి ఊపింది. ఇతను పిడికిలి చూపించాడు. వానకోటు చెప్పు తీసి చూపించింది.

సరిగ్గా అప్పుడే డాక్టరు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. మోకాలు ఇసుకలో ఆనించాడు. ఆ క్షణంలోనే వానకోటు లేచి, అతని తల వెనక దిష్టిబొమ్మలా నిలబడింది.

"ఏయ్ వానకోటూ! ఫ్రేములోంచి తప్పుకో!" అంటూ ఇటు నుంచి ఇతను పరుగెత్తాడు. "దొంగ! దొంగ!" అంటూ అటు నుంచి వానకోటు దూసుకొచ్చింది. జంట ముందు ఇద్దరూ ఢీకొన్నారు. తువ్వాలు జారింది. టోపీ ఊడింది.

"మీరా!"

"నువ్వా! రిపేరుకిచ్చిన లెన్సు ఇదేనా?"

"ఐడీ కార్డులు ఎవరికి తీస్తున్నారు, పీతలకా?"

"మీ పిన్ని ఏ రాయి కింద కాపురముంటోంది?"

"సార్..." అన్నాడు డాక్టరు, మోకాలి మీద నుంచే, నీరసంగా.

"ముందు మీరెందుకొచ్చారో చెప్పండి!" అని భార్య నిలదీసింది.

ఫొటోగ్రాఫరు నోరు తెరిచాడు. డాక్టరు ముఖం కనబడింది. గొంతు దాకా వచ్చిన మాటను బలవంతాన మింగాడు. కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

"చెప్పను," అన్నాడు. పెదాలు బిగించాడు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు. ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత భగ్గుమంది.

"నా దగ్గరే దాస్తారా? నాకు దాచాల్సిన ఖర్మేం లేదు! ఈ టీచరమ్మ ఇవాళ ఆ డాక్టర్ని పెళ్ళి చేసుకోమని అడగబోతోంది! ఆయన ఈ జన్మలో అడగడని, తనే అడుగుతానని, మీకు తెలిస్తే ఊరంతా టముకేస్తారని, నాతో ఒట్టేయించుకుని మరీ..."

అక్కడికి ఆగింది. ఒక అల వచ్చి డాక్టరు ప్యాంటును నడుము దాకా తడిపి వెళ్ళింది.

"అక్కా!" అంది టీచరు, ఏడవాలో నవ్వాలో తెలియక.

"మీరు... నన్నా?" అన్నాడు డాక్టరు.

"మరి మీరు ఇసుకలో కూర్చుని ఏం వెతుకుతున్నారు?"

డాక్టరు జేబులోంచి ఉంగరం తీశాడు. "అడుగుదామనే వచ్చానండీ. మాట రావట్లేదు."

"రాకపోతే పోనివ్వండి. అక్క అడిగేసిందిగా. నాకు సరే. మీకు?"

డాక్టరు ఎంతో ఆనందంగా తల ఊపాడు, ఫొటోగ్రాఫరు వైపు తిరిగి. కళ్ళజోడు లేదు మరి.

"ఇటండీ," అంది టీచరు.

ఆ తల ఊపడం ఏ కెమెరాలోనూ పడలేదు. పెద్ద లెన్సుకు వాళ్ళు మరీ దగ్గరైపోయారు. చిన్న లెన్సు నిండా ఇసుక. "మళ్ళీ ఒకసారి..." అనబోయిన ఫొటోగ్రాఫరు, ముగ్గురూ చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు.

పనికొచ్చేదిగా మిగిలింది ఒకే ఒక్క ఫొటో. గొడవ మధ్యలో ఏం చేయాలో తోచక టీచరు తన ఫోను ఎత్తింది. "ఈ టీచరమ్మ" అన్న మాటకు ఉలిక్కిపడి మీట నొక్కేసింది. వెనక ఊరి మీదికి దిగుతున్న సూర్యుడు, కింద మోకాలి మీద డాక్టరు, నడుమ పెదాలు బిగించుకున్న భర్త, కొండనాలుక కనబడేలా నోరు తెరిచిన భార్య. అందరి ఫొటోలూ తీసే ఆ దంపతులు కలిసి పడిన ఫొటో ఇంతకుముందు ఒక్కటీ లేదు.

ఫొటోగ్రాఫరు దాన్ని పెద్దది చేయించి, చక్కటి చట్రం కట్టించి, స్టూడియోలో భార్య కూర్చునే కుర్చీకి ఎదురుగా తగిలించాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నువ్వుల ఊసు ఎవరూ ఎత్తడం లేదు.