టాస్కు సున్నా ద్వారా మాత్రమే

విశాఖ బీచ్ రోడ్డుకు ఎగువన ఉన్న మా సముద్ర సూచన గణన కేంద్రం గత జూన్ ఇరవై రెండున ఒక్క తప్పుడు సూచన కూడా జారీ చేయలేదని ప్రకటించడానికి సంతోషిస్తున్నాను. ఆ రోజు మేము అసలు ఏ సూచనా జారీ చేయలేదని గిట్టనివాళ్లు అంటున్నారు. అది సాంకేతిక వివరం.

మా కంప్యూటరు భీమిలి నుంచి పూడిమడక దాకా ఉన్న సముద్రాన్ని పదహారు ముక్కలు చేసి, సున్నా మొదలు పదిహేను దాకా పదహారు టాస్కులకు పంచుతుంది. అన్నీ ఒకేసారి పనిలోకి దిగి, ఎవరి ముక్కలో కెరటం ఎంత లేస్తుందో వాళ్లు లెక్క కడతాయి. నీళ్లకు సరిహద్దులు తెలియవు కనుక పక్క ముక్కతో అంకెలు ఇచ్చిపుచ్చుకుంటాయి. చివరికి పడవల రేవు దగ్గరి బోర్డు మీద ఒక్క మాట వెలుగుతుంది: వేటకు వెళ్లవచ్చు, లేదా వెళ్లరాదు. అది చూసి పడవలు కదులుతాయి. ఇంత చిన్న పనికి టాస్కుకు ఒకరు చొప్పున పదహారు మంది అధికారులం ఉన్నాం. నాది పదో టాస్కు. ప్రోగ్రాము రాసేది మాత్రం హేమశ్రీ ఒక్కతే. పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చే కాంట్రాక్టు ఉద్యోగి.

మొదట్లో ఏ టాస్కు లెక్క తేలితే అది నేరుగా బోర్డు మీద రాసేసేది. ఒక పెద్దాయన తనిఖీకి వచ్చిన రోజున అన్నీ ఒకేసారి రాయడంతో వరుసలు కలగాపులగమై "మాన్యులకు నాలుగు మీటర్ల స్వాగతం, లోనికి వెళ్లరాదు" అని వెలిగింది. హేమశ్రీ వెంటనే మార్గం చెప్పింది. అన్ని టాస్కులూ తమ అంకెలను సున్నాకు పంపాలి, బోర్డు మీద రాసే పని సున్నాకే ఉండాలి. అరపూటలో అయిపోయే పని. తెలివైన సలహా కావడంతో దాన్ని మెరుగుపరచక తప్పింది కాదు.

డైరెక్టర్ దేవీప్రసాద్ గారు సర్క్యులర్ తెచ్చారు. ఏ టాస్కైనా ముందుగా తన పక్క టాస్కు నుంచి సమాచారం అందుకొని, అందినట్టు నిర్ధారించుకున్న పిమ్మటే తన సమాచారం పంపవలెను. పదహారు అంకెలూ చేరనిదే సున్నా నోరు విప్పరాదు. సున్నా ద్వారా రానిది ఈ కేంద్రం మాట కాదు.

"అందరూ ముందు పుచ్చుకుంటామని కూర్చుంటే ముందు ఇచ్చేదెవరు సార్?" అంది హేమశ్రీ.

"ఇవ్వడానికి తొందరపడేవాడు ఆఫీసరు కాడమ్మా," అన్నారాయన. మేమంతా డైరీల్లో రాసుకున్నాం.

ఇరవై రెండో తేదీ ఉదయం ఏడింటికి కొత్త పద్ధతి మొదలైంది. అరగంటలో టాస్కులన్నీ ఎవరి లెక్క వాళ్లు ముగించి, పక్కదాని కోసం ఎదురుచూడసాగాయి. కంప్యూటరులో ఎదురుచూడటమంటే కునుకు తీయడం కాదు. క్షణానికి లక్షసార్లు "వచ్చిందా, వచ్చిందా" అని అడుగుతూ ఉండటం. అందుచేత తెర మీద అన్నిటికీ నూరు శాతం పని కనిపించింది. దేవీప్రసాద్ గారు మమ్మల్నందరినీ పిలిచి చూపించారు.

"పదహారుకు పదహారు! నూటికి నూరు! ఒక్కటైనా టీకి లేచిందా? వీటిని చూసి మనం నేర్చుకోవాలి!"

చప్పట్లు కొట్టాం. నేర్చుకున్నాం కూడా.

ఎనిమిదింటికి హేమశ్రీకి అనుమానం వచ్చి, తొమ్మిదో టాస్కు తన లెక్క రాసుకున్న ఫైలు తెరిచింది. పదకొండు గంటలకు నాలుగు మీటర్ల కెరటం అని ఉంది. పరుగున వెళ్లి డైరెక్టర్ గారికి చెప్పింది.

"సున్నా చెప్పిందా?"

"సున్నాకి అందలేదు సార్."

"అందనిది లేనట్టే."

తొమ్మిదవుతుండగా గురువమ్మ అనే జాలరి మనిషి మెట్లెక్కి రొప్పుతూ వచ్చింది. బోర్డు ఖాళీగా ఉంటే ఆక్షేపణ లేదనే రేవులో అర్థం చేసుకుంటారు. పడవలు కదులుతున్నాయి.

"బోర్డు మీద ఏటీ రానేదు బాబూ. మా ఆయన ఇంజను ఏసేసినాడు. ఎల్లొచ్చా ఒద్దా, ఒక్క ముక్క సెప్పండి సాలు."

నేను పక్క సీటు వైపు చూశాను. పక్క సీటు ఆ పక్క సీటు వైపు చూసింది. ప్రాసెస్‌లో ఉందని ఎవరో అన్నారు.

"మరి మీరందరూ ఏటి సేత్తన్నారు?"

"ఎదురుచూస్తున్నాం," అన్నాను. నా సర్వీసులో అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు.

హేమశ్రీ కుర్చీ తోసుకుని లేచింది. "ఎల్లొద్దని సెప్పు పిన్నీ! పదకొండుకి నాలుగు మీటర్ల కెరటం వత్తాది. బేగి ఫోన్ చెయ్!"

గురువమ్మ అక్కడే నిలబడి ఫోన్లో అరిచింది. "ఇన్నావా? బోర్డు గంగలో కలవనీ! నువ్వు ఎనక్కొచ్చెయ్యి!"

ఆమె భర్త అర్జునరావు వెనక్కి తిరిగాడు. తువ్వాలు ఊపి మరో రెండు పడవల్ని తిప్పుకొచ్చాడు. అప్పటికే ఫోన్ సిగ్నల్ అందే దూరం దాటిపోయిన తాతబాబు పడవకు ఆ మాట అందలేదు. పదకొండింటికి కెరటం వచ్చింది. ఫైలులో ఎంత ఉందో అంతే లేచింది, మా లెక్కలు అంత కచ్చితం. పడవలోని ఇద్దరు కుర్రాళ్లు ఈదుకొచ్చారు. తాతబాబును మర్నాడు సముద్రమే ఒడ్డుకు చేర్చింది.

కేంద్రం తన బాధ్యత మరువలేదు. అనుమతి లేని మార్గంలో, నోటి ద్వారా, సమాచారం విడుదల చేసినందుకు హేమశ్రీకి మెమో ఇచ్చింది. నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు ముగిసింది. మాకు తప్పుల్లేని సూచనలకు ప్రశంసాపత్రం వచ్చింది.

తాతబాబు భార్య కాశమ్మ ఒకసారి వచ్చింది. ఏడవలేదు. "ఆ పిల్లకి తెలిసింది గదా. మీకెవులికీ తెలీదా బాబూ?" అని మాత్రం అడిగింది.

హేమశ్రీ సీటు నా పక్కదే. ఆమె ఫైలు తెరిచినప్పుడు ఆ అంకెను నేనూ చూశాను. తొమ్మిదో టాస్కు అధికారి చెబుతాడనుకున్నాను. పక్కనున్నవాణ్ణి కదా, నేను చెబుతానని అతను అనుకున్నాడట. మీరు మమ్మల్ని తిట్టుకుంటున్నారని తెలుసు. తిట్టుకోండి. మీ వీధిలో తెగి వేలాడుతున్న కరెంటు తీగ గురించి మీ ఎదురింటాయన ఈపాటికి ఫోన్ చేసే ఉంటాడు లెండి.

కాశమ్మకు జవాబుగా, ఆ అంకె మా దృష్టికి రాలేదని దేవీప్రసాద్ గారు ఒక కాగితం తయారు చేయించి బల్ల మీద పెట్టారు. దాని మీద ఎవరి కోసమూ ఎదురుచూడకుండా మొదటి సంతకం నేనే పెట్టాను.