శాంపిల్ నెంబర్ ఏడుకు సెలవెందుకు?

జనం ఊరికే దేవుళ్ల చుట్టూ ప్రదక్షిణాలు చేస్తుంటారు గానీ, ఈ లోకంలో అసలైన వరం ఒక్కటే. మన మీద ఎవరైనా పీహెచ్‌డీ చేయడం! నవ్వకండి. ఇల్లూ పొలమూ ఎవరికైనా ఉంటాయి. మేస్త్రీ తిడితే మనం మనసులో ఏమనుకుంటామో ఇంగ్లీషులో రాసి, అట్ట వేయించి, లైబ్రరీ బీరువాలో పెట్టి తాళం వేసే భాగ్యం ఎంతమందికి పడుతుంది?

ఆ భాగ్యం పట్టినవాడు మన భూమయ్య. జగిత్యాల పక్క పల్లెటూరి మనిషి. డెబ్భై ఏడులో, ఒమాన్‌లోని అల్ ఖువైర్‌లో ఆఫీసు బిల్డింగులు వరసగా లేస్తున్న రోజుల్లో, ఓ కంపెనీలో సెంట్రింగ్ పని చేసేవాడు. కాంక్రీటు పోయకముందు చెక్కలు బిగించాలి, గట్టిపడ్డాక ఊడదీయాలి. అదీ డ్యూటీ. రూమ్ సీబ్ అనే ఊరి దగ్గర క్యాంపులో, ఒక్క రూమ్‌లో పన్నెండు మంది.

పాపం, ఆయనకొక చిన్న కోరిక ఉండేది. ఊరికి పోవాలి. రెండేళ్లు పని చేస్తే రెండు నెలలు సెలవని కంపెనీ కాగితంలోనే ఉంది. రెండేళ్లు నిండాయి. తను విమానం ఎక్కాక పుట్టిన బిడ్డను ఇంతవరకూ కళ్లతో చూడలేదు. మాటలు క్యాసెట్‌లో నింపి పంపితే, భార్య ముత్తవ్వ టేపురికార్డర్‌లో పెట్టి "గిదే మీ బాపు" అని చూపించింది. పిల్ల నమ్మేసింది. ఓ రోజు బాపుకు ఆకలవుతోందని టేపురికార్డర్ నోట్లో పెరుగన్నం కుక్కింది. అది ఉత్తరంలో చదివించుకుని భూమయ్య పడీ పడీ నవ్వాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడే సెలవుకు దరఖాస్తు పెట్టాడు.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డారు వెంకటరామయ్యగారు!

ఈయన కాకినాడ వైపు ఓ కాలేజీలో సోషియాలజీ లెక్చరర్. మనుషులు పనెందుకు చేస్తారు, కంపెనీలు వాళ్ల చేత ఎలా చేయించుకుంటాయి అన్నది ఆయన శాస్త్రం. దాన్ని నీడలో కూర్చునే చదవాలి. పీహెచ్‌డీ లేక పదకొండేళ్లుగా ప్రమోషన్ ఆగిపోయింది. భూమయ్య కంపెనీలో అకౌంటెంటుగా ఉన్న ఆయన బావగారు ఉత్తరం రాశారు. "ఇక్కడ పని చేసేవాళ్లు కుప్పలు తెప్పలుగా ఉన్నారు. నీ శాస్త్రానికి ఇంతకంటే అవకాశం ఎక్కడా దొరకదు. బయల్దేరు!" ఆయన ఏడాది వేసంగికి సరిపడా బనియన్లు సర్దుకుని బయల్దేరారు.

కంపెనీ మేనేజర్ ఒప్పుకున్నాడు, ప్రశ్నలు ముందు తనకు చూపించాలన్న షరతు మీద. ప్రతి ప్రశ్నకూ ఐదు జవాబులు, ఐదు గడులు. చాలా సంతృప్తి నుంచి చాలా అసంతృప్తి దాకా. మేనేజర్ చివరి రెండు గడులూ ఎర్ర పెన్సిల్‌తో కొట్టేశాడు. కాగితం ఆదా అవుతుందట! పదకొండేళ్లు ఆగిన మనిషి ఎర్ర పెన్సిల్ దగ్గర ఆగుతాడా? వెంకటరామయ్యగారు సర్దుకుపోయారు.

శుక్రవారం వచ్చింది. వారానికొక్క సెలవు రోజు, తలంటుకుని బట్టలుతుక్కుని మాంసం వండుకునే రోజు. ఆ రోజే క్యాంపులో కుర్చీ వేసుకుని పన్నెండు మందిని పిలిచారు. భూమయ్యకు ఏడో నెంబరు దక్కింది.

ఇక్కడ భూమయ్య ఒక పొరపాటు చేశాడు. చేతిలో ఫైలు, జేబులో రెండు పెన్నులు, ఎండలో బూట్లు! ఇన్ని ఉన్న మనిషి ఒక్క సెలవు ఇప్పించలేడని మన దేశంలో పుట్టినవాడు ఎవడైనా అనుకుంటాడా? "ఆఫీసరే గావొచ్చు" అన్నాడు రూమ్‌మేట్ లచ్చన్న. "మంచిగ జెప్తె మంచిగ రాస్తడు. మంచిగ రాస్తె నీ లీవయితది." భూమయ్యకు ఆ మాట నచ్చింది.

"మీ ఫోర్‌మన్ ప్రవర్తన ఎలా ఉంటుందయ్యా?"

"ఫజల్ భాయా? దేవుడు సారు! తిట్టినా మా మంచికే తిడ్తడు." ముందు రోజు ఫజల్ విసిరిన చెక్క తాలూకు బొప్పి నుదుటి మీద ఇంకా మెరుస్తూనే ఉంది.

"భోజనం?"

"పెండ్లి బువ్వ లెక్కుంటది."

"మరి ఎండ?"

"ఎండ లేకుంటె మాకు పొద్దువోదు సారు!"

అలా నూట నలభై ప్రశ్నలు. అన్నిటికీ మొదటి గడిలోనే టిక్కు. వెంకటరామయ్యగారికి ఆనందబాష్పాలు ఒక్కటే తక్కువ. "ఇంకేమైనా చెప్పాలా?" అన్నారు కాగితాలు సర్దుతూ.

"ఒక్కటే సారు. నాకు లీవు గావాలె. నా బిడ్డను సూసి రావాలె."

ఆయన కాగితం అటు తిప్పారు, ఇటు తిప్పారు. "అయ్యో, దీనికి గడి లేదే!" అని పెన్ను మూత పెట్టేశారు.

అంతటితో అయిపోతే వరం ఎలా అవుతుంది? ఈ పన్నెండు మందినే రెండేసి నెలలకోసారి అవే ప్రశ్నలు అడగాలట. "ఒక్కడు కదిలినా శాంపిల్ చెడిపోతుంది" అని మేనేజర్‌కు చెప్పారు. ఇన్నాళ్లూ సెలవు ఇవ్వకపోవడానికి సాకులు వెతుక్కోలేక చస్తున్న మేనేజర్‌కు, కాళ్ల దగ్గరికి శాస్త్రమే నడిచొచ్చింది! మర్నాడు ఫజల్ సైట్‌లో చాటాడు. "భూమయ్యా, తుమ్ సాత్ నెంబర్ హై. కితాబ్ పూరీ హోనే తక్ ఛుట్టీ నహీ!" పుస్తకం అయ్యేదాకా సెలవు లేదు. పాస్‌పోర్టు ఎటూ కంపెనీ బీరువాలోనే ఉంది.

ఇక అదృష్టహీనుల సంగతి చూడండి. పక్క రూమ్ పోచన్న మీద ఎవరూ పరిశోధన చేయలేదు. అనాథలా వదిలేశారు. అతను ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, సెలవు తీసుకుని, ఊరికెళ్లి, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని ఆడించి, ఓ సీసాడు మామిడికాయ తొక్కు పట్టుకుని తిరిగొచ్చాడు. ఎంత దౌర్భాగ్యం! ఏ లైబ్రరీలోనూ అతని పేరు లేదు.

రెండోసారి వెంకటరామయ్యగారు వచ్చేసరికి భూమయ్య ఉన్నదున్నట్టు కక్కేశాడు. "సారు, మొన్న జెప్పినయన్ని అవద్దాలు. ఫజల్ కొడ్తడు. పప్పుల నీళ్లే ఉంటయి. గిది నరకం సారు!"

ఆయన దిగాలుపడ్డారు. "ఇలా మాట మారిస్తే శాస్త్రం ఏమైపోవాలయ్యా?" అన్నారు. అయినా మంచి మనిషి, కొట్టిపారేయలేదు. నరకానికి గడి వెతికారు. ఉన్నవి మూడే. చివరిదాంట్లో టిక్కు పెట్టారు, 'ఒక మోస్తరు సంతృప్తి'. వెళ్తూ భూమయ్య చేతిలో ఓ బిస్కెట్ ప్యాకెట్ కూడా పెట్టారు. ఎన్నిసార్లు వచ్చినా నరకం ఆ గడిలోనే పడింది, బిస్కెట్లు చేతిలో పడ్డాయి.

ఏడాది గడిచింది. ఆయన ఇంటికెళ్లి రాయడానికి ఇంకో ఏడాది పట్టింది. డెబ్భై తొమ్మిదిలో పుస్తకం వచ్చింది, ఆయన డాక్టర్ వెంకటరామయ్యగారు అయ్యారు, ఒక కాపీ కంపెనీకి చేరింది. అక్కడ ఊళ్లో బిడ్డకు నాలుగో ఏడు నడుస్తోంది. భూమయ్య ఆ రోజే తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, దరఖాస్తు పట్టుకుని ఆఫీసుకెళ్లాడు.

మేనేజర్ పుస్తకం తెరిచి రెండొందల పన్నెండో పేజీ చూపించాడు. అకౌంటెంటు బావగారు తెలుగులో చెప్పారు. "పన్నెండు మందిలో ఏ ఒక్కరూ సెలవు మీద వెళ్లలేదు. పని మీద వీరి మమకారం అంతటిది. ముఖ్యంగా ఏడో నెంబరు కార్మికుడికి ఊరి ధ్యాసే లేదు." మేనేజర్ ఇంకేదో అన్నాడు. బావగారు అదీ చెప్పారు. "నీకు పోవాలని లేదని ఇందులో రుజువైందట. మళ్లీ అడుగుతావేమిటి అంటున్నారు."

"నా మనసుల ముచ్చట నాకెర్క లేదా సారు?"

"నీ మనసును నువ్వెప్పుడైనా నూట నలభై ప్రశ్నలు అడిగావా?"

అడగలేదు. భూమయ్య దరఖాస్తును నాలుగు మడతలు పెట్టాడు, మళ్లీ విప్పాడు. అప్పుడే ఓ ఆలోచన తట్టింది.

"అయితె ఆ సారుకే ఒక ఉత్తరం రాయుండ్రి. రాసినాయనే తప్పయిందని రాస్తె, ఈయన ఇస్తడు గద?"

బావగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇప్పుడు కుదరదయ్యా. మీ అందరి కష్టం గురించి రాసీ రాసీ మా బావమరిది బాగా అలసిపోయాడు. కాలేజీ వాళ్లు జాలిపడి జీతంతో ఏడాది సెలవిచ్చారు. పిల్లలతో హాయిగా ఇంటిపట్టున ఉన్నాడు. కదిలించొద్దు."