కనుమలో ఊదుడు పరీక్ష

ఒక పెద్ద అడవిలో, చెట్లకంటే దుమ్మే ఎత్తుగా లేచే మూల ఒకటి ఉంది. అక్కడ సింహం దొరవారి పలుగురాతి మర నడిచేది. లోపల రాళ్లు పోస్తే బయటికి తెల్లటి పిండి వచ్చేది. సగం పిండి గోతాల్లోకి, సగం కూలీల ముక్కుల్లోకి.

ఆ మర తిప్పేవాళ్లలో పెద్దది గాడిద పోలమ్మ. ఒకప్పుడు ఆమె ఓండ్రపెడితే ఏటి అవతల లేళ్లు మేత మానేసి తలెత్తేవి. ఇప్పుడు నోరు తెరిస్తే సగం ఓండ్ర, సగం దగ్గు. మేనేజరు నక్క ఒకసారి అందరి ముందూ, "పోలమ్మత్త గొంతులో కప్ప కాపురం పెట్టింది" అని నవ్వింది. పోలమ్మ ఆ మాట మరిచిపోలేదు. ఆనాడు ఎవరెవరు నవ్వారో అదీ మరిచిపోలేదు.

దుమ్ములో పనిచేసేవాళ్ల ఛాతీ ఏటేటా పరీక్ష చేయాలని అడవి సభలో తీర్మానమైంది. చెడినవాళ్లను ఏటిగట్టున నీళ్లు మోసే పనికి మార్చాలి. పోలమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఏటిగాలి తగిలితే గొంతు తిరిగొస్తుందని ఆమె ఆశ.

పరీక్ష చేసేది కొంగ డాక్టరు. బండమీద గీత గీసి, దాని ఇవతల బూరుగుదూది పెడతారు. కూలీ ఊదాలి. దూది గీత దాటితే ఛాతీ బాగున్నట్టు.

నక్క కొంగను పక్కకు పిలిచింది. "అందరూ ఏటిగట్టుకు పోతే మర నువ్వు తిప్పుతావా, నన్ను తిప్పమంటావా?"

కొంగ ఒంటికాలిమీద కాసేపు ఆలోచించి, బండను కొండ కనుమలో వేయించింది. అక్కడ గాలి ఎప్పుడూ ఒకవైపుకే ఈడ్చి కొడుతుంది.

పోలమ్మ వంతు వచ్చింది. దూది పెట్టారో లేదో, గాలికి లేచి గీత దాటి, కొండ దాటి పోయింది.

"నేనింకా ఊదలేదు డాక్టరుగారూ."

"ఊదకుండానే అంత దూరం పోయిందంటే, ఊదితే ఇంకెంత పోయేదో," అంది కొంగ. "ఛాతీ ఉక్కు. మరకే పో."

"ఇంకోటి పెట్టండి. ఆ రాయి చాటున పెట్టండి."

"దూది దండగ చెయ్యకత్తా," అంది నక్క. "నీ దగ్గు వయసుది, దుమ్ముది కాదు."

పోలమ్మ ఆ మాట కూడా పాతమాట పక్కనే దాచుకుంది.

మర్నాడు దర్బారులో నక్క గొప్పగా విన్నవించింది. "మహాప్రభూ, మన కూలీల దూది పక్క కొండమీద పడింది."

సింహం అప్పుడే దగ్గుతోంది. దగ్గు పట్టిందని ఆ పొద్దున కొంగ గుహలోనే దొరవారికీ పరీక్ష చేసింది. గుహలో గాలి ఆడదు. దూది దొరవారి మీసాలకే అంటుకుంది.

"గాడిద ఊపిరి కొండ దాటింది. నాది మీసం దాటలేదు," అంది సింహం. "ఆ దుమ్ములో ఏదో మందుంది."

కాదంటే పరీక్ష బండారం బయటపడుతుంది. నక్క తోక ముడుచుకుని, "మందే మహాప్రభూ," అంది.

"అంత మంచి మందు కూలోళ్లకు పోస్తున్నారా?" సింహం గర్జించబోయి దగ్గింది. "రేపటినుంచి దర్బారు మర కొట్టంలోనే. కూలోళ్లను ఏటిగట్టుకు తోలెయ్యండి. మేనేజరూ డాక్టరూ నా పక్కనే ఉండాలి."

"మరి మర తిప్పేదెవరు ప్రభూ?"

"మీరు ఊరికే కూచుని ఏం చేస్తారు?"

వానలు పడేనాటికి నక్క మాటకో దగ్గు దగ్గుతోంది. ఏటిగట్టు పని ఇప్పించమని దొర కాళ్లమీద పడింది. సింహం దగ్గు కూడా ముదిరింది. మందు పనిచేస్తే అలాగే ఉంటుందని అది సరిపెట్టుకుంది.

"రూలు రూలే. పరీక్షకు పో," అంది.

కొంగ మెల్లగా, "ఈసారి గుహలో చేద్దామా ప్రభూ?" అంది.

"గాడిదకు ఎక్కడ చేశావో అక్కడే."

కనుమలో బండమీద దూది పెట్టారు. అది లేచి కొండ దాటింది.

"నేనింకా ఊదలేదు," అంది నక్క, ఏడుపు గొంతుతో.

కొంగకు దగ్గు అడ్డమొచ్చి మాట రాలేదు. నీళ్లకుండలతో అటుగా పోతున్న పోలమ్మే ఆగి బదులిచ్చింది.

"ఊదకుండానే అంత దూరం పోయిందంటే, ఊదితే ఇంకెంత పోయేదో అల్లుడూ."

ఏటిగట్టు చేరి పోలమ్మ ఒక ఓండ్ర పెట్టింది. సగంలో దగ్గొచ్చింది. అవతల లేళ్లు తలెత్తలేదు. దగ్గు ఆగేదాకా నిలబడి, మిగతా సగం కూడా పెట్టింది.

అందుకని, కూలివాడి ఛాతీ ఉక్కని చెప్పదలిస్తే, దొరగారికి దగ్గు లేని రోజు చూసుకుని చెప్పాలి.