గోరు కూడా దూరని గూడు

ఆదివారం పొద్దున్నే చిన్నల్లుడు కాఫీ కప్పు పక్కన పెట్టి, "మధ్యాహ్నానికల్లా గూడు పూర్తయిపోవాలి" అని ప్రకటించాడు. గోడలు లేచాయి, పైకప్పు వేయడం అయింది, ఇక మిగిలింది తలుపూ తాళమే.

సంగతేమిటంటే, అత్తగారు మోకాళ్ళ నొప్పులు భరించలేక లిఫ్టున్న ఫ్లాట్‌కి మారిపోతోంది. ప్రాణంలా పెంచుకున్న నాలుగు కోళ్ళనీ ఇద్దరల్లుళ్ళలో ఎవరో ఒకరికి అప్పగించాలి. కిందటేడు ముంగిస ఒకదాన్ని ఎత్తుకుపోయినప్పట్నుంచి ఆవిడకి ఎవరి మీదా నమ్మకం లేదు. సాయంత్రం స్వయంగా వచ్చి చూసి, గూడు గట్టిగా ఉంటేనే ఇస్తానంది. పెద్దల్లుడు మాత్రం, "దీనికింత హడావిడా? గంప బోర్లిస్తే సరి" అని తేల్చేశాడు. పెళ్ళయిన నాటినుంచీ అన్నింట్లోనూ ఆ తోడల్లుడి తర్వాతే లెక్కలోకి వస్తున్న చిన్నల్లుడికి ఈ ఒక్కటైనా గెలిచి తీరాలనుంది. పైగా ఇళ్ళకి ప్లాన్లు గీసిపెట్టడమే ఆయన ఉద్యోగం. కోళ్ళగూడు దగ్గర ఓడిపోతే రేపు ఆఫీసులో ఏ ముఖం పెట్టుకుని స్కేలు పట్టుకుంటాడు?

అందుకే గోరు కూడా దూరని సన్నటి జాలీ తెచ్చాడు. నక్క తవ్వినా లాభం లేకుండా నేలలోకి మోకాల్లోతు దింపాడు. గాలివాన తోసుకొచ్చినా చినుకు పడకుండా కప్పుని వాలుగా బయటికి సాగదీశాడు. తలుపుకి, మూసుకోగానే తనంతట తానే పడే తాళం బిగించాడు. తాళంచెవి పెట్టే కన్నం బయటవైపే. గుడ్లు తీసుకునే మూతకీ అదే తాళం, అదే చెవి.

"అంత తాళం దేనికండీ? కోళ్ళా, నగలా?" అంది భార్య.

"నీ సంగతి నాకు తెలీదా? ఫ్రిజ్ తలుపే సరిగ్గా వెయ్యవు!"

ఆవిడ మూతి తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికనుకున్న పని సాయంత్రం దాకా సాగింది. కోళ్ళు ఎక్కి కూర్చునే కర్ర బిగించడానికి ఆయన పనిముట్ల పెట్టెతో సహా గూట్లోకి పాక్కుంటూ దూరాడు. ఇంతలో ఈదురుగాలి వీచింది. తలుపు టక్కున పడింది.

"భేష్! తాళం ఎంత చక్కగా పడిందో!" అని మురిసిపోయాడు. తాళంచెవి తన జేబులోనే ఉందన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

కేకలకి భార్య పరుగెత్తుకొచ్చింది. "చెవి ఇటివ్వండి, తీస్తాను."

ఆయన ఇవ్వబోయాడు. నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా ప్రయత్నించాడు. జాలీలోంచి చెవి బయటికి రాలేదు.

"కాస్త పెద్ద కన్నాలున్నది తెస్తే మీ సొమ్మేం పోయింది?"

"పాములు దూరుతాయే!"

"పాముల సంగతి సరే, ఇప్పుడు మీరు బయటికెలా దూరతారు? ఆ కటింగ్ ప్లేయర్‌తో జాలీ కత్తిరించుకుని వచ్చెయ్యండి."

"కత్తిరిస్తే ఇంకేం గూడు? మీ అమ్మ వచ్చే వేళయింది. చచ్చినా కత్తిరించను!"

ఆవిడ తలుపుని పైకీ కిందకీ చూసింది. మడత బందుల స్క్రూలన్నీ బయటవైపే ఉన్నాయి. కుట్టుమిషను స్క్రూడ్రైవర్ వెతకడానికి ఇంట్లోకి పోయింది. ఈలోగా ఎవరైనా చూస్తే నవ్విపోతారని ఆయన కింద పరుచుకున్న టార్పాలిన్ పట్టా కప్పుకుని మూలకి నక్కాడు.

సరిగ్గా అప్పుడే పక్కింటి డ్రిల్లు మేష్టారు గోడ మీంచి తొంగిచూశారు. పట్టా కదిలింది. "దొంగ! కోళ్ళదొంగ!" అంటూ ఈల ఊదేశారు. నిమిషంలో వీధివీధంతా కర్రలతో దిగింది. ఎవరో కుక్కని కూడా వదిలారు. అది నేల తవ్వి, గోళ్ళకి జాలీ తగిలేసరికి కుయ్యోమంటూ వెనక్కి తగ్గింది. మేష్టారు కర్రతో పొడిచి చూశారు, దూరలేదు.

"పొడవకండి మేష్టారూ, నేనే!" అని పట్టా లోంచి గొంతు వినిపించింది.

గేటు దగ్గర కోళ్ళ బుట్టతో అత్తగారు, వెనకే పెద్దల్లుడు. ఇంతలో ఆకాశానికి చిల్లు పడినట్టు వాన. అందరూ తడిసి ముద్దయ్యారు. చిన్నల్లుడు పట్టా తీసేసి, చొక్కా తడవకుండా కూర్చునున్నాడు.

"తమ్ముడూ, కోళ్ళకి పెట్టే గింజలు నీకూ వెయ్యమంటావా?" అన్నాడు పెద్దల్లుడు, ముక్కు మీంచి నీళ్ళు కారుతుండగా. చిన్నల్లుడికి భూమి చీలితే బాగుండుననిపించింది. అదీ కుదరదు, అక్కడా జాలీ ఉంది.

అత్తగారు గూడు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసింది.

"లోపల తడి తగిలిందా అల్లుడుగారూ?"

"చుక్క కూడా లేదత్తయ్యగారూ."

"కుక్క రాలేకపోయింది, కర్ర దూరలేదు, మనిషే బయటపడలేకపోతున్నాడు. ఇంతకంటే గట్టి గూడు ఎక్కడుంటుంది? కోళ్ళు మీకే. ముందు మీరు బయటికి రండి, వాటికి చోటు కావాలి."

చిన్నల్లుడి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళకి గెలిచాడు! స్క్రూడ్రైవర్‌తో వచ్చిన భార్య పై బందు స్క్రూలు విప్పింది. రెండో బందు విప్పేదాకా ఆగే ఓపిక లేక పెద్దల్లుడు, "తప్పుకో అమ్మాయ్" అంటూ తలుపుని ఒక్క గుంజు గుంజాడు. తలుపుతో సహా వెల్లకిలా పడ్డాడు. లేవబోయి దాని మీదే కాలేశాడు. చట్రం ఫెళ్ళున రెండు ముక్కలైంది.

చీకటి పడేసరికి కోళ్ళు బుద్ధిగా వెళ్ళి కర్రెక్కి కూర్చున్నాయి. "మరి ముంగిస వస్తే?" అంది అత్తగారు.

చిన్నల్లుడు ఇంట్లోంచి కుర్చీ తెచ్చి గుమ్మానికి అడ్డంగా వేసుకున్నాడు.

ఆ రాత్రికి గూటికి తలుపు ఆయనే.